చదరపు గోడ

పెరంబూరు బ్రాంచి లైబ్రరీలో
టీవీ ఉండేది కార్డుల బీరువా నెత్తిన.
ఏనాడో ఎవరో పెళ్ళి నాటిది, దానమిచ్చారు.
రంగుల్లో ఆకుపచ్చ ఒక్కటే మిగిలింది.
మంగళవారం, శుక్రవారం, పొద్దున ఏడున్నరకి
యాంటెన్నా తీగని కిటికీ ఊచకి చుట్టి
నేను విద్యార్థినయ్యేదాన్ని,
నలభై ఒకటో ఏట.

ఢిల్లీలో మేడం
ఆకుపచ్చ ముఖంతో
ఆకుపచ్చ బోర్డు మీద అంకెలు రాసేది.
పదిహేడేళ్ళు పుస్తకాల వీపులు తుడిచాను,
ఆ అంకెలు నాకు ఇంటి నంబర్లంతే.
చుక్క తర్వాత ఎంత దూరం పోతే
అంత లోపలి సందని ఎవరు చెప్పారు గనక?
ఎనిమిదివందల తొంభైనాలుగు, చుక్క, ఎనిమిది రెండు ఏడు.
ఓహో, మా అమ్మ తిట్టే భాష
కాపురం ఉండేది ఈ సందులోనా!
నాలుగు గుమ్మాల అవతల తమిళం.
మా వీధిలో ఉన్నట్టే.

నాతోబాటు ఇంకో శిష్యుడు, ఏకాంబరం.
మిల్లు మూతపడ్డాక పేపరు కోసం వచ్చి
పాఠం దాకా ఉండిపోయేవాడు.
"మేమూ నూలుని నంబరుతోనే పిలిచాం,
నలభై, అరవై, ఎనభై.
పెద్ద అంకెంటే సన్న దారం.
పుస్తకాలదీ అదే లెక్కా?"
నాకు తెలీదు. మేడంకి వినపడదు.

పరీక్షకి ముందు శుక్రవారం, ఫోన్ల క్లాసు.
ఇరవై మూడోసారికి లైను దొరికింది.
"చెన్నై, పెరంబూరు నించి వేదవల్లి."
"ముందు టీవీ గొంతు తగ్గించమ్మా."
తగ్గించేలోపే నా గొంతు
పెట్టెలోంచి నాకే వచ్చింది,
రెండు క్షణాలు ఆలస్యంగా,
నాకంటే చదువుకున్నదానిలా.

అట్ట లేదు మేడం, మొదటి పేజీ లేదు,
రాసినవాళ్ళ పేరు చెదలు తిన్నాయి.
చదవడం మొదలెడితే మాత్రం
పొయ్యి మీద అన్నం మాడిపోతుంది.
కార్డు మీద ఏం పేరు రాయను?

ప్రశ్న అందగానే లైను వాళ్ళే కోసేస్తారు.
జవాబు తెరమీదే.
మేడం కళ్ళజోడు తీసింది.
నోరు తెరిచింది.
కరెంటు పోయింది.

బూడిదరంగు గాజులో
రిసీవరు పట్టుకుని ఒక ఆడమనిషి.
ఆమెకీ ఏమీ తెలిసినట్టు లేదు.

ఏకాంబరం ఎప్పుడు లేచాడో,
చెప్పులు మాత్రం బల్లకింద ఉన్నాయి.
రోడ్డుకి అవతల వేరే ఫేజు, నాయరు టీకొట్టు.
పావుగంటకి వచ్చాడు ఒగురుస్తూ.
క్రికెట్టు ఆపించినందుకు
పదిమంది పది రకాలుగా తిట్టారట.
చేతిలో 29సి బస్సు టికెట్టు,
దాని వెనక చీమల బారులా తమిళం:
పేరు లేకపోతే నువ్వే పెట్టు.
పెట్టింది నువ్వని తెలిసేలా
రెండువైపులా చదరపు గోడ కట్టు.

పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు.
సెకండ్ క్లాసులో గట్టెక్కాను.

[అన్నం మాడ్చిన పుస్తకం]
అని రాశాను. కొట్టేశాను.
వారం తర్వాత మళ్ళీ అదే రాశాను.

ఇంతదాకా దాన్ని తీసుకెళ్ళినవాళ్ళు ఆరుగురు.
టికెట్టు లోపలే పెట్టి పంపుతాను.
ఎవరూ పారేయలేదు.
తిరిగొచ్చిన ప్రతిసారీ
వేరే పేజీలో ఉంటుంది.