ఏ కర్ర?

ఎక్స్‌రే గదిలో కరెంటు లేదు.
బొబ్బిలి ఆసుపత్రి. బుధవారం. పన్నెండు దాటింది.
బల్ల మీద చొక్కా విప్పుకుని కూర్చున్నాడు
గొల్లపల్లి గవరయ్య,
గోళ్ళ సందుల్లో పసుప్పచ్చ రంపంపొట్టు.

వీపు మీద ఎడమచేతి వేలు ఆనించి
కుడిచేతి వేలితో తట్టాను.
పైన బోలు. ఇంకాస్త కింద బోలు.
కుడిపక్క, నడుముకి జానెడు పైన
మోత చచ్చిపోయింది.

నేనింకా ఏమీ అనలేదు.
"అక్కడ తడున్నాది బావూ," అన్నాడు.
ఎలా తెలుసంటే నవ్వాడు. నవ్వు మధ్యలోనే దగ్గయిపోయింది.
"నలభయ్యేళ్ళు దుంగల్ని తట్టినోడిని.
ఆరిన పనస పలుకుతాది, పచ్చిది మూలుగుతాది.
ఈపు నాదైతే మట్టుకు, సెవి నాది కాదేటి?"

దగ్గు తగ్గేదాకా ఏదో ఒకటి చెప్పాలి కదా,
లెనెక్ గురించి చెప్పాను.
రెండొందల ఏళ్ళ కిందట పారిస్‌లో
ఒక పడుచుపిల్ల గుండెకి చెవి ఆనించడానికి మొహమాటపడి
కాగితాలు చుట్టి గొట్టం చేసిన డాక్టరు.
తరవాత తరిమెన పట్టి
కర్రతో తనే చేసుకున్నాడని.
గవరయ్యకి కాగితం సంగతి పట్టలేదు,
మొహమాటం సంగతీ పట్టలేదు.
"ఏ కర్ర?" అన్నాడు.
అన్నేళ్ళు చదివాను. ఆ ముక్క మాత్రం నాకు తెలీదు.

మూడో నెల మందులకి వచ్చినప్పుడు
తువ్వాల్లోంచి తీశాడు జానెడు గొట్టం,
దండి చెక్కగా మిగిలిన ముక్కట. లక్క పూయలేదు.
ఒక చివర యాళి మొహం మొదలెట్టి
కోరల దగ్గర ఆపేశాడు,
చెవికి గుచ్చుకుంటుందని.

రబ్బరు గొట్టం కన్నా బాగా వినబడిందంటే అబద్ధం.
తక్కువే వినబడింది.
కానీ దీనికి తల వంచాలి.
చెమట, మైనం, పనసచెక్క వాసన.
లోపలెవరో ఎండుటాకుల మీద
ఆగి, ఆగి, నడుస్తున్నారు.
"ఏ మెట్టు మీదున్నాది?" అడిగాడు.

నేను చెప్పనిది ఒకటుంది.
ఆ డాక్టరూ ఈ జబ్బుతోనే పోయాడని,
వాళ్ళింటి కుర్రాడే ఆ గొట్టం పెట్టి
ఆయన ఛాతీ విన్నాడని,
అప్పటికి ఆయనకి నలభై అయిదని.

గవరయ్య నా చేతిలోంచి గొట్టం తీసుకుని
నా ఛాతీ మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు.
చాలాసేపు.
బయట వరసలో ముప్ఫయి మంది దగ్గు.
"మీది ఆరిపోనాది," అన్నాడు.
"నాదింకా రెండెండలు కాయాల."

కార్డు మీద పై నెల తేదీ వేసిచ్చాను.