పేరూడిన ఫైళ్లు

పుంటా అరేనాస్‌లో గాలి పైరేకుల్ని పీకుతున్న రాత్రి
ఒఫేలియా కంప్యూటర్ మూడోసారి కొయ్యబారింది.
నల్లతెర మీద తెల్లని వరసలు:
డిస్కు చదవడం చేతకావట్లేదని
రాసి మరీ చెబుతోంది.

ఉన్నికోటు విప్పకుండానే
ఎఫ్ఎస్‌సీకే నడిపింది.
బాగుచెయ్యనా? వై. ఇదీ? వై.
పెళ్ళిలో కూడా ఇన్నిసార్లు సరే అనలేదు.

తెల్లారేసరికి 'లాస్ట్ అండ్ ఫౌండ్' అరలో
నలభై ఒక్క ఫైళ్లు,
పేర్లు ఊడి, అంకెలు తగిలించుకుని,
రేవులో దిగిన కొత్త ఖలాసీల్లా.
ఒకటి తెరిచింది. రూబార్బ్ జామ్,
అత్త చెప్పి రాయించింది;
పంచదార ఎంతో రాసినచోటే తెగిపోయింది.

పెట్టె మూత తీస్తే
డిస్కు పాపం ఏమీ ఎరగదు.
వైరు వదులు.
బొటనవేలితో నొక్కింది. టక్.

జామ్ సంగతి ఆదివారం
రుచి చూసుకుంటూ తేల్చుకుంది.
పులుపే గెలిచింది.