బ్రాడ్వేలో హార్మోనియం రిపేరు

పెట్టెను బల్ల మీద దించి
"తాతా, మ్యూజికల్ చేస్తున్నాం, పదో తారీఖుకి కావాలి" అంది.
పేరు ఎస్తేరు. పెరంబూరు రైల్వే క్వార్టర్స్.
తిత్తి చిరిగింది. గాంధారం రీడు మూగబోయింది.
మ్యూజికల్ అంటే ఏమిటమ్మా, అన్నాను
స్క్రూలు విప్పుతూ.

మాట్లాడుతూ మాట్లాడుతూ పాడేస్తారు తాతా,
పాడుతూ పాడుతూ ఆడేస్తారు.
ఎందుకని ఎవరూ అడగరు.
న్యూయార్కులో దానికో వీధే ఉంది,
పేరు బ్రాడ్వే.

నవ్వొచ్చింది.
నలభై రెండేళ్లుగా నేను కూర్చున్న వీధి పేరేమిటనుకుంది?
బోర్డు మీద ప్రకాశం సాలై అని మార్చారు గానీ
బస్సువాడికి, పార్సిలువాడికి, నాకు
ఇదే బ్రాడ్వే.
వెడల్పంతా పేరులోనే.
ఒక తోపుడుబండి అడ్డం తిరిగితే
ఊరంతా ఇంటర్వెల్.

మా నాయన పద్యనాటకాలకు పెట్టె వాయించేవాడు.
రాజుగారు "ఏమీ!" అని ఒక్క మాట అనేవాడు,
నాయన వేలు నల్లమెట్టు మీద వాలేది,
ఇక ఆ కోపం పావుగంట రాగం.
చంపాల్సినవాడు కత్తి దించుకుని
చచ్చేవాడి పద్యం అయ్యేదాకా ఓపిగ్గా నిలబడేవాడు.
వన్స్ మోర్ అని వెనక బెంచీల్లో ఈల పడితే
చచ్చిన రాజు లేచి, పంచె దులుపుకుని,
మళ్లీ పాడి మళ్లీ చచ్చేవాడు.
చాకలిపేటలో ఒక రాత్రి మూడుసార్లు చచ్చాడు.
మూడోసారికి నిజంగానే ఏడ్చారు జనం.

ఎస్తేరు నోటుబుక్కు మూసింది.
"మా కథలో కండక్టరుకి ఉద్యోగం పోతుంది.
ఇంటికొచ్చి అమ్మకు చెప్పాలి. అక్కడ పాట.
సంజీవి గొంతు మంచిదే తాతా,
కానీ పాట ఎత్తుకోగానే కొడుకు మాయమై
గాయకుడొచ్చి నిలబడతాడు."

పాట ఎత్తుకోవద్దను, అన్నాను.
మాటే మాట్లాడమను.
"అమ్మా, రేపటి నుంచి టిఫిను కట్టొద్దు."
ఆ తర్వాత మాట దొరక్కూడదు.
తడుముకోవాలి. గుటక పడాలి.
పక్కన పెట్టెలో షడ్జం ఊపిరిలా నడుస్తూ ఉంటే
పోయి దాన్ని పట్టుకుంటాడు,
కదిలే బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు.
నాకు తెలిసిందింతే.
ఇదీ నాయన చెప్పింది కాదు,
ఆయన వేళ్లు చూసి అనుకున్నది.

ఎనిమిది వందలన్నాను. ఆరొందలిచ్చి
మిగతా రెండొందలకీ ముందు వరుస టిక్కెట్టిచ్చింది.

ఎగ్మూరులో ఆట.
ఖాకీ చొక్కాల పిల్లలు, అట్టముక్కల బస్సు.
సంజీవి టిఫిను మాట అన్నాడు. ఆగాడు.
ఎంతసేపు ఆగాడంటే
నా పక్కాయన మరిచిపోయాడేమో అని గొణిగాడు.
అప్పుడు పలికింది నా గాంధారం.
వన్స్ మోర్ నా నాలుక దాకా వచ్చింది,
మింగేశాను. ఆ మాట ఒక్కసారే అనగలిగేది.

తిరుగు బస్సులో అసలు కండక్టరు.
"పోలాం, రైట్" అని విజిలూదాడు.
నాలుగున్నర శ్రుతి, ఒక పిసరు తక్కువ.
ముందు సీట్లో ఒకావిడ ఖాళీ పూలబుట్ట ఒళ్లో పెట్టుకుని
ఫోనులో ఎవరికో చెబుతోంది:
"లేదు, ఇవాళ కూడా ఇవ్వలేదు."
ఆపైన మాట రాక ఆగింది.

నేను చుట్టూ చూశాను.
ఎవరూ లేవలేదు. కోరస్ రాలేదు.
వెనకెవరో చిల్లర లెక్కపెట్టుకుంటున్నారు.
నా వేళ్లు మాత్రం మోకాలి మీద
ఒక తెల్లమెట్టును వెతికి
నొక్కిపట్టి ఉంచాయి,
ఆవిడ దిగేదాకా.