పింజె పోయిన తావు

గేరు తీసి నిలబెడితే
నా బండి రొప్పుతాది.
ఎక్కుతాది, దిగుతాది, మళ్ళా ఎక్కుతాది.
ఆరిపోతాదనుకుంటే ఆరిపోదు,
పోదులే అనుకుంటే పోతాది.
పామిడి కాడ పెన్న బ్రిడ్జి మీద
వెనక లారీవాడు హారను కొడతాంటే
సీటు కింద గుక్కపట్టిన బిడ్డ.

పాత ఓమ్ని. వెనకంతా నైటీల మూటలు.
వారంలో మూడు సంతలు,
నడుమ దినాలు మెకానిక్కులు.
ఒకడు ప్లగ్గులు మార్చినాడు.
ఒకడు కార్బొరేటరు విప్పి కడిగి
"ఇంక గుర్రమే పో అక్కా" అన్నాడు.
అనంతపురంలో ఇంకొకడు కాయిలు మార్చి
పాత కాయిలు గూడా వాడే పెట్టుకున్నాడు.
ఎన్ని నైటీల డబ్బో లెక్కేసుకోలేదు,
వేసుకుంటే ముద్ద దిగదు.

గుత్తిలో రైలుగేటు పక్కన పక్కీరప్ప షెడ్డు.
ముసలాయన. టోపీ ఒకప్పుడు తెల్లది.
పానా ముట్టుకోలేదు.
సీటు ఎత్తి, ఇంజను నడవనిచ్చి,
చేతులు వెనక్కి కట్టుకుని విన్నాడు.
"ఇది కారేది కాదు సుంకమ్మా, దూరేది.
నూనె కారితే నేల చెప్తాది.
దీనికి సాక్షి లేడు.
ఇంజను గాలి పీల్చుకుంటాది గదా,
అడ్డదోవన ఇంత దొంగగాలి పోతాంది.
పెట్రోలు లెక్క తప్పుతాంది."

గాలి.
ఆషాఢంలో మా తట్టు దానికి వేరే పనేముంది.
విత్తిన శెనక్కాయ మీది మన్ను ఎత్తుకపోతాది,
మోడాన్ని తెస్తాది,
తెచ్చినదాన్ని అదే తోలుకపోతాది.
ఇంత గాలిలో
సూదిబెజ్జమంత గాలిని ఎట్ల వినేది?
రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని
రెండో కొస పైపులెంబడి తిప్పినాడు.
షెడ్డు రేకులు దడదడ.
ఊదుబత్తి పొగతో చూస్తారంట కొందరు,
పెట్రోలు కాడ నిప్పా, అని నవ్వినాడు.
తర్వాత అన్నాడు, "మూటలు ఇప్పుమ్మా."

తలుపులున్న చోటల్లా నైటీలు కట్టినాం,
గులాబీ పూలవి, చిలకపచ్చవి, చుక్కలవి,
చేతులకు చేతులు ముడేసి.
గేటు పడి నిలబడిన బస్సులోంచి
ఒకామె తల బయటపెట్టి "ఎంతమ్మా ఒకటి?" అని కేకేసింది.
"ఉండక్కా, బండికి బాగలేదు" అన్నాను.

లోపల కొంచెం నిమ్మళం.
గూట్లోంచి దూది తీసినాడు.
"మా నాయన విల్లు భుజానేసుకుని
ఊరూరు దూదేకేవాడు.
నేను పానా పట్టినా, ఇది మాత్రం ఇడ్చలేదు."
రెండు వేళ్ళతో పింజె లాగినాడు, ఈగ రెక్కంత.
కార్బొరేటరు అడుగున తిప్పితే ఊరకే వణికింది.
మానిఫోల్డు అంచెంబడి ఏమీ లేదు.
సన్న రబ్బరు పైపు వంపు తిరిగే చోట,
పైకి కొత్తదాని మాదిరి నున్నగా ఉన్నదాని
అడుగు తట్టుకు పోయేతలికి
పింజె ఆయన వేళ్ళనిడిచి
చటుక్కున అతుక్కుంది,
ఎవరో పిలిస్తే పోయినట్ల.

ఇద్దరం మాట్లాడలేదు.
ఆయన బొటనవేలు ఆన్చినాడు.
రొప్పు నిలిచింది.
ఒకటే శ్రుతి, తిరగట్లో రాగులు పడినట్ల.
వేలు తీసినాడు. మళ్ళా ఆయాసం.
"నువ్వు పెట్టి చూడు."
పెట్టినాను.
నా వేలికొసను అది పీల్చింది,
మూడోనాటి లేగదూడ మాదిరి.
ఇన్నాళ్ళూ నేను కూర్చున్న తావుకు
జానెడు కింద.

పైపు ముప్పై ఐదు రూపాయలు.
కూలి ఎంతంటే నైటీల తట్టు చూసి
"మా ఇంటామెకు ఆ చుక్కలది సరిపోతాదేమో" అన్నాడు,
అది గూడా బండి రోగమైనట్ల తల గోక్కుంటా.
ఆయన ముట్టుకున్న చోటే గ్రీసు మరక పడింది.
వేరేది ఇస్తానంటే వద్దన్నాడు.

మాపటేల బ్రిడ్జి మీద
కావాలనే ఓ పక్కకు నిలబెట్టినాను.
బండి సద్దు చేయలేదు.
కింద ఇసుక, నీళ్ళు లేవు.
గాలి అద్దాలను తంతానే ఉంది.
అప్పుడు గుర్తొచ్చింది, అడగడం మరిచినాను:
ఆ పింజె ఏమైంది?
పాత పైపుతో పాటు పారేసినాడా,
నేను వేలు పెట్టకముందే
లోపలికి పోయి, రవ్వంత మండి,
నా వెనకాల పొగలో కలిసిందా.