ఆరు గులకరాళ్ళు

అంపైర్ జేబులో ఆరు గులకరాళ్ళుంటాయి.
బంతి పడ్డప్పుడల్లా ఒకటి
ఎడమ జేబులోంచి కుడి జేబులోకి.
ఈమధ్య క్లిక్కర్లొచ్చాయి, నాకు నప్పవు.
బార్బడోస్ తూర్పు ఒడ్డున, బాత్‌షీబాలో ఏరుకున్నవి ఇవి.
పదిహేనేళ్ళుగా నా వేళ్ళ చెమట తాగి నల్లబడ్డాయి.

స్కాన్ తీసిన అమ్మాయి కూడా ఆరే లెక్కపెట్టింది.
"మూడు ద్రాక్షలు, రెండు నిమ్మకాయలు,
పెద్దది మాత్రం బత్తాయి అనుకోండి."
కడుపు పండడమంటే ఇదన్నమాట, అన్నాను
జెల్లు తుడుచుకుంటూ.
ఆ అమ్మాయి నవ్వలేదు.

మా మైదానంలో అంపైర్ల గదికి ఒకటే తలుపు,
దానికి గడియ లేదు.
టీ విరామం ఇరవై నిమిషాలు,
అందులో మొదటి పన్నెండు నావి కావు.
నల్ల ప్యాంటు నియమం ఎవడు పెట్టాడోగాని
వాడి కడుపు చల్లగుండ.

తెల్లకోటే ఒకసారి పట్టిచ్చింది.
సెయింట్ లూసీ కుర్రాళ్ళతో ఆట,
పడిపోయిన బెయిల్ సర్దడానికి వంగాను.
వికెట్ కీపర్‌కి పద్దెనిమిదేళ్ళుంటాయేమో,
గ్లోవ్స్ చూసుకుంటూ, గొంతు తగ్గించి,
"మిస్ గిటెన్స్, వెనకాల..." అన్నాడు.
ఆ మండుటెండలో ఎవరిదో స్వెటర్ తెప్పించి
బౌలరిచ్చినట్టే చేతికిచ్చాడు.
అంపైర్ నడుముకి స్వెటర్ చుట్టుకోవడం
ఆటలో ఉన్నదే.
ఎవరూ చూడలేదు.
అందరూ చూశారు.

డ్రింక్స్ ట్రే వస్తే రసం వద్దనేదాన్ని, ఐసు ముక్కలు చాలు.
కరకరా నములుతూ స్క్వేర్ లెగ్‌లో నిలబడితే
పిచ్ కాస్త పక్కకి ఒరిగేది.
రక్తంలో ఇనుము ఇంకిపోతే
నోరు మంచుని అడుగుతుందట.

మా అక్క ఓర్లీన్ ఆముదం పట్టీలు తెచ్చింది.
"అమ్మకీ ఉండేవి, మోసుకునే పోయింది,
కత్తి దగ్గరికి వెళ్ళిందా?"
తరవాత, కిటికీలోకి చూస్తూ,
"రేపెవరైనా వస్తానంటే?"
నలభైనాలుగేళ్ళ దాన్ని నేను, ఆ రేపు వయసూ అంతే.
ఒకరు వచ్చారు.
పదకొండు వారాలుండి వెళ్ళారు.
అది ఓర్లీన్‌కి తెలీదు.

సందేహముంటే లాభం బ్యాటర్‌కే.
ఎనిమిదేళ్ళు ఇస్తూనే వచ్చాను,
వేడినీళ్ళ సంచికి, మాత్రలకి,
వచ్చే నెల తగ్గుతుందిలే అన్న ప్రతి నెలకి.
"కణితులొక్కటే తీసి సంచి ఉంచచ్చు, మళ్ళీ రావచ్చు.
మొత్తం తీసేయచ్చు.
తొందరేం లేదు," అంది డాక్టర్ అలీన్.

తొందర లేకపోవడం నా వృత్తి.
బౌలర్లు మోకాళ్ళ మీద పడి అరుస్తున్నా
మూడు లెక్కపెట్టందే వేలెత్తను.
ఈసారి ఎవరూ అప్పీలు చెయ్యలేదు.
బల్లమీద ఒక కాగితం, తాడు కట్టిన పెన్ను.
ఒకటి.
రెండు.

తీసింది తొమ్మిది వందల నలభై గ్రాములట.
క్రికెట్ బంతి నూటయాభైఆరు.
భాగిస్తే ఆరు, నిండా ఒక ఓవర్.
దానికి అర్థమేమీ లేదు,
మత్తులో లెక్కలు భలే కుదురుతాయి.

ఏడవలేదా అంటే, ఏడ్చాను.
నాలుగోనాడు, అలమారలో
విప్పని ప్యాడ్ల కట్టలు ఏడు కనబడితే.
నవ్వొచ్చి, కుట్లు లాగి, ఆ నొప్పికి ఏడ్చానో,
ఇంకెందుకో.
మేనకోడలు వచ్చి పట్టుకెళ్ళింది.

పదోవారం మైదానానికి వెళ్ళాను.
బరువులెత్తకూడదన్నారు, వేలెత్తచ్చు.
మూడో ఓవర్లోనే ఎల్బీడబ్ల్యూ,
ఆ ఓపెనర్ నన్ను తిట్టుకుంటూ పోయాడు, హాయిగా అనిపించింది.

టీ విరామం.
ఇరవై నిమిషాలూ నావే.
ఏం చెయ్యాలో తోచక
ఇంకో కప్పు పోయించుకున్నాను.
గడియ లేని ఆ తలుపు
గాలికి తెరుచుకుంటే, లేవలేదు.