ఇసుక ఎత్తని సాయంత్రం

గంగమల్లు పడ్డది నేను చూడలేదు.
పడ్డ చప్పుడు సుత రాలేదు,
అందుకే ఎవలూ తల తిప్పలేదు.
జుబైల్‌ల మా సైటు మీద
నట్టు జారి పడితెనే నలుగురు ఉలిక్కిపడుతరు.

నాలుగో అంతస్తు పరంజ మీదికెల్లి జారి
ట్యాంకు పక్క సిమెంటు గచ్చు మీద పడాల్సినోడు
నడుమెత్తు ఇసుకల పడి,
లేచి కూసుండి,
నోట్లె ఇసుక ఉమ్మేసి
"నా టోపి ఏది?" అన్నడట.
బుజం కాడి బొక్క ఒక్కటే విరిగింది.

రాత్రి రూంల అదే ముచ్చట.
రాజోలు ఏసురత్నం మోకాళ్ల మీద పడి
"దూతలు కింద చేతులు పట్టారండీ" అని ఏడ్చిండు.
గంగమల్లు పెండ్లాం ఫోన్లనే
అంజన్నకు మొక్కు ఒప్పుకున్నది.
ఫోర్‌మన్ గుల్‌జమాన్ మాషా అల్లా అని
ఆ పూట హాజిరి కొయ్యలేదు,
అది సుత మహిమేనన్నరు నవ్వుకుంట.
సేఫ్టీ సారు టేపు పట్టి
ఎత్తు కొలిచిండు, ఇసుక లోతు కొలిచిండు,
షమాల్ గాలి ఎంత జోరో రాసుకున్నడు,
చివరికి ఏ గడిల పెట్టాల్నో తెలువక
'ఇతర కారణాలు' కాడ టిక్కు కొట్టిండు.
పక్క క్యాంపోల్లు వచ్చి
ఆ ఇసుక పొట్లాలు కట్టుకపోయినరు.
ఒకాయన నన్నే అడిగిండు, కాగితం ఉన్నదా అని.

నేను ఖుబూస్ ముక్క పప్పుల ముంచి
అట్లనే పట్టుకొని కూసున్న.

ఆ ఇసుక నాది.

మూడు దినాల గాలి తెచ్చి పోసింది, నిజమే.
దాన్ని ఎత్తిపొయ్యాల్సింది మాత్రం నేను.
పార చేతికిచ్చి గుల్‌జమాన్ అటు పోంగనే
కంటైనరు చాటుకు పోయిన.
బిడ్డ ఫోన్ల పదమూడో ఎక్కం ఒప్పజెప్తున్నది.
పదమూడేడుల కాడ తప్పింది.
మళ్ల మొదలువెట్టింది, మళ్ల అక్కడ్నే తప్పింది.
తొంబై ఒకటి అని నేను అందియ్యలే,
దానికదే దొరకాలని ఊకున్న.
దొరికేసరికి బస్సు హారన్ కొట్టింది.
పార ఇసుకలనే గుచ్చి వచ్చిన.
ఆ పారకు జానెడు దూరంల పడ్డడు గంగమల్లు.

దేవుడే అంటె,
ఒక పిల్ల ఎక్కం తప్పుడు, ఒక తండ్రి పని ఎగ్గొట్టుడు,
ఇన్ని అతుకులేసి ఒక మనిషిని పట్టాల్నా?
సక్కటి తొవ్వే లేదా ఆయనకు?
గాలే అంటె,
గాలికి గంగమల్లు ఎవలో ఎరుకనా?
ఈ లెక్క తెగకున్నా నా దినాలు ఎల్లిపోతుండె,
దిల్లీబహదూర్ పడకపోతె.

చలికాలం మొదట్ల.
అదే ట్యాంకు, అవుతలి పక్క.
నేపాల్ పోరడు, ఇరువై సుత నిండలే.
ఆ గచ్చు నేనే ఊడ్చిన,
చీపురు గీతలు కనవడేటంత సాపుగ.
గుల్‌జమాన్ పొద్దుగాల్నే మెచ్చుకున్నడు.

ఈసారి ఫారంల కారణం దొరికింది.
రూంల ఎవలూ దేవుడనలేదు, గాలనలేదు.
లైటు తొందరగ ఆర్పినరు.

మహిమకు వందమంది సాక్షులు.
ఊడ్చిన గచ్చుకు నేనొక్కన్నే.

మొదటిది నా పుణ్యం కాకుంటె
రెండోది నా పాపం ఎట్లయితది అని
నన్ను నేనే సముదాయించుకున్న.
నిద్ర ఒప్పుకోలేదు.

ఇప్పుడు పొద్దుగూకంగ
ఎత్తిన ఇసుకల సగం
పరంజ కాళ్ల కాడ్నే పరుస్త,
అలలు అలలుగ, వేళ్లతోటి దువ్వి,
గాలి చేసినట్టె.

గుల్‌జమాన్ వచ్చి నిలవడి చూస్తడు.
"నిన్ననే కదా ఎత్తినవ్, మళ్లెక్కడిది?"

గాలి, సార్.

కంపెనీ జెండా
కట్టెకు అంటుకొని ఉంటది, కొస సుత కదలదు.
ఇద్దరం దాని దిక్కు చూడం.