పాత మాటల్లో

కొండపి వేలం కేంద్రంలో
కాటా పక్కన కంప్యూటరు
పద్నాలుగేళ్ల నాటిది.
పొగాకు దుమ్ముకి మీటల మీద అక్షరాలే కనపడవు.

ఒంగోల్లో, కర్నూలు రోడ్డు మేడ మీద
రాత్రి రెండున్నరకి
నా కోడుని పాత వెర్షన్ ముందు నిలబెట్టి
చదివిస్తోంది బిల్డు.
ముచ్చటపడి రాసిన ఒక్క లైను దగ్గర
ఎర్రగా ఆగింది:
ఈ మాట అప్పటికి పుట్టలేదు.

చెంచురామయ్య సాయంత్రమే చెప్పాడు
"ఆ మిషను జోలికి మటుకు పోబాకమ్మా,
తెల్లారితే బేళ్లొస్తయ్."

ఒక్క లైను చెరిపి
నాలుగు మోటు లైన్లు రాశాను.
ముచ్చట పోయింది, సరే.
పచ్చగా దాటింది.

ఏడూ పదికి లాగ్ వచ్చింది.
మొదటి బేలు, జరుగుమల్లి రైతుది,
నూట ముప్పై రెండు కిలోలు.
రసీదు మడిచి
జేబులో పెట్టుకునే ఉంటాడు.